ఐరిష్‌కి ఇంగ్లీషు మీదుగా వెళ్లకండి

ప్రశ్న:

మాది గుంటూరు దగ్గర పల్లె. మావారిది హైదరాబాద్. పాపకి రెండేళ్లున్నప్పుడు ఐర్లండ్ వచ్చి డబ్లిన్ శివార్లలో స్థిరపడ్డాం. నాకు 37 ఏళ్లు, ఒక ఫార్మసీలో పనిచేస్తున్నాను. పాప ఇప్పుడు సెకండ్ క్లాస్. రోజూ ఐరిష్ హోంవర్క్ తెస్తుంది. లెక్కలు, ఇంగ్లీషు నేను చూస్తాను గానీ, ఐరిష్ పుస్తకం తెరిస్తే నాకు నోరు పెగలదు. అక్షరాలు ఇంగ్లీషువే, పలికేది మాత్రం వేరే. కొన్ని నెలలుగా ఫోన్లో డుయోలింగో అనే భాషలు నేర్పే యాప్ చేస్తున్నాను. పదాలు గుర్తుపడుతున్నాను, ఒక్క వాక్యం కూడా సొంతంగా చెప్పలేను. పనిచేసే చోట ఐరిష్ వాళ్లే "మేం పద్నాలుగేళ్లు చదివాం, మాకే రాదు, నీకెందుకు?" అంటున్నారు. తెలిసినవాళ్లేమో పాపకి ఐరిష్ చదవకుండా మినహాయింపు తీసుకోమంటున్నారు. నాకు ఇంగ్లీషే తడుముకుంటూ వస్తుంది, ఐరిష్ ఎలా వస్తుంది? నేర్చుకుంటే ఏ యాస నేర్చుకోవాలి? మన ముఖాలు చూసి నవ్వుతారా? ఇంకో భాష చేరితే పాప తెలుగు పోతుందా?
– ఒక పాఠకురాలు, డబ్లిన్

సమాధానం:

అమ్మా, మీ ప్రశ్నలన్నిటిలో ముందు తేల్చుకోవలసింది ఒకటుంది. "నాకు ఇంగ్లీషే తడుముకుంటూ వస్తుంది, ఐరిష్ ఎలా వస్తుంది" అన్నారు. అంటే ఇంగ్లీషు బాగా వచ్చాకే ఐరిష్ వస్తుందని మీ మనసులో ఉంది. యాప్ కూడా అలాగే నేర్పుతుంది. ఇంగ్లీషు వాక్యం చూపించి ఐరిష్‌లోకి మార్చమంటుంది. దాంతో మీరు తెలుగులో అనుకున్నదాన్ని ముందు ఇంగ్లీషులోకి తెచ్చుకుని, అక్కడి నుంచి ఐరిష్‌కి బయలుదేరుతున్నారు. మధ్యలో ఉన్న ఆ మజిలీలోనే మీకు పనికొచ్చే సామానంతా దింపేసి వెళ్తున్నారు.

ఐరిష్ కెల్టిక్ కుటుంబానికి చెందిన భాష. స్కాట్లండ్ గేలిక్, మాంక్స్ దాని తోబుట్టువులు. ఇంగ్లీషుతో దానికున్నది చాలా దూరపు చుట్టరికం. తెలుగుతో అసలు చుట్టరికమే లేదు, మనది ద్రావిడ భాష. అయినా ఐరిష్ వాక్యం నడిచే తీరు చాలాచోట్ల ఇంగ్లీషు కన్నా తెలుగుకే దగ్గరగా ఉంటుంది. నేను ఈ భాష నేర్చుకున్నది పెద్దయ్యాకే, ఐర్లండ్ పడమటి తీరంలోని గాల్వేలో ఉన్న రోజుల్లో. అక్కడ ఇంగ్లీషు మాత్రమే వచ్చిన తోటి విద్యార్థులు తల పట్టుకున్న చోట్ల నాకు తెలుగే దారి చూపించింది. అందుకే ఈ జవాబులో ఎక్కువ భాగం దానికే ఇస్తాను. ఐరిష్ మాటలను తెలుగు లిపిలో రాస్తున్నాను. ఇది దాదాపు ఉచ్చారణే గానీ పూర్తి ఉచ్చారణ కాదు. అసలు ధ్వని చెవితో వినవలసిందే.

ఇంగ్లీషులో 'హ్యావ్' అనే క్రియ ఉంది చూశారా, ఐరిష్‌లో దానికి సరిపోయే క్రియే లేదు. పుస్తకం ఉందని చెప్పాలంటే "తా ల్యౌర్ అగమ్" అంటారు. తా అంటే ఉంది, ల్యౌర్ అంటే పుస్తకం, అగమ్ అంటే నా దగ్గర. అంతే, "నా దగ్గర పుస్తకం ఉంది". అగమ్ నా దగ్గర, అగత్ నీ దగ్గర, ఎగె అతని దగ్గర, ఎకి ఆమె దగ్గర. విభక్తీ సర్వనామమూ కలిసి ఒకే మాటైపోయాయి, మన 'నాకు', 'నీకు' లాగా. ఆకలి వేస్తే "తా ఒక్రస్ ఒరమ్", అంటే ఆకలి నా మీద ఉంది. దాహం, జలుబు, భయం, సంతోషం, బాధ, అన్నీ ఇలాగే మనిషి మీద ఉంటాయి. "ఇస్ మహ్ ల్యుమ్ తే" అంటే నాకు టీ ఇష్టం. "తా ఇస్ అగమ్" అంటే నాకు తెలుసు. ఇంగ్లీషులో ఆలోచించేవాళ్లు ఈ వాక్యాలన్నిటిలోనూ 'నేను' అనే కర్త ఎక్కడుందా అని వెతుక్కుంటారు. "నేను ఆకలిగా ఉన్నాను" అని తెలుగులో ఎవరూ అనరు కదా. నాకు ఆకలి, నాకు తెలుసు, నాకు ఇష్టం. మీ నోటికి పుట్టుకతో వచ్చిన ఈ పద్ధతిని ఐరిష్ పుస్తకాలు ఒక ప్రత్యేక పాఠంగా పెట్టి, వారాల తరబడి అలవాటు చేయిస్తాయి.

ఔను, కాదు అనే మాటలు ఐరిష్‌లో లేవని వినే ఉంటారు. ఇంగ్లీషు వాళ్లకు ఇది పెద్ద వింత. మనకు కాదు. "అ విల్ ఒక్రస్ ఒర్త్?" అంటే ఆకలిగా ఉందా? జవాబు "తా" లేదా "నీల్". ఉంది, లేదు. వచ్చావా అంటే వచ్చాను, తిన్నావా అంటే తిన్నాను అని మనం ఇంట్లో జవాబిచ్చినట్టే, వాళ్లూ అడిగిన క్రియనే తిరిగి చెబుతారు. 'నీల్' మన 'లేదు'కి ఎంత దగ్గరో, ఒక సాయంత్రం పాపతో ఆడి చూడండి. పాలు ఉన్నాయా, నీల్. బిస్కెట్లు ఉన్నాయా, తా. వారం తిరిగేసరికి అది నోటికి పట్టేస్తుంది.

'ఇస్', 'తా' అనే రెండు మాటల తేడా దగ్గర చాలామంది పెద్దవాళ్లు చదువు మానేస్తారు. ఇంగ్లీషులో రెండిటికీ ఒకటే క్రియ కాబట్టి, ఎప్పుడు ఏది వాడాలో తేల్చుకోలేరు. తెలుగులో పెట్టి చూడండి. "ఆమె టీచరు" అన్నప్పుడు మనం క్రియ వాడం. "ఆమె ఇక్కడ ఉంది" అన్నప్పుడు వాడతాం. మనం ఉంది అనే చోట వాళ్లది తా, "తా షీ అన్‌షో". మనం ఏ క్రియా లేకుండా ఒక మనిషి ఫలానా అని చెప్పే చోట వాళ్లది ఇస్, "ఇస్ మూన్చోర్ ఈ". ఒక్క జాగ్రత్త. పెద్ద, చిన్న, మంచి, చల్లని లాంటి విశేషణాలకు తా వస్తుంది. "పెద్దగా ఉంది, చల్లగా ఉంది" అని మనసులో అనుకుంటే అది కూడా సర్దుకుంటుంది.

మనుషులను లెక్కపెట్టడం చూస్తే మీకు ముచ్చటేస్తుంది. మనం వస్తువులను ఒకటి, రెండు, మూడు అని, మనుషులను మాత్రం ఒకరు, ఇద్దరు, ముగ్గురు, నలుగురు అని లెక్కపెడతాం. ఐరిష్‌లోనూ మనుషులకు వేరే అంకెలున్నాయి. దినె, బెర్చ్, త్రూర్, క్యాహ్రర్, కూగెర్ అని పదిమంది దాకా వెళ్తాయి. ఇంగ్లీషు నుంచి వచ్చినవాళ్లు "మనుషులకు వేరే లెక్క ఎందుకు?" అని అడుగుతారు. మీకు ఆ ప్రశ్నే రాదు.

ఇక అందరూ భయపడే చోటికి వద్దాం. ఐరిష్‌లో మాట మొదటి అక్షరం మారిపోతుంది. పాప పుస్తకంలో ఒక పేజీలో ఉన్న మాట తర్వాతి పేజీలో వేరేలా కనిపించి మీరు కంగారుపడి ఉంటారు. ఈ మార్పులు రెండు రకాలు, ఒకటి ఉరూ, ఒకటి షేవూ. ముందు ఉరూ సంగతి. కార్క్ నగరానికి ఐరిష్ పేరు కోర్కీ. కార్క్‌లో అనాలంటే "ఇ గోర్కీ". ట్రలీ ఊరు త్రా లీ, అక్కడ అనాలంటే "ఇ ద్రా లీ". వాటర్‌ఫర్డ్ పొర్త్ లార్గె, అక్కడ అనాలంటే "ఇ బొర్త్ లార్గె". క గ అయింది, త ద అయింది, ప బ అయింది. ఇది మీరు హైస్కూల్లో చదివారు! సరళాదేశ సంధి. పూచెను, కలువలు కలిస్తే పూచెను గలువలు. ద్రుతం తర్వాత వచ్చే క చ ట త ప లు గ జ డ ద బ లు అవుతాయని తెలుగు మాస్టారు వల్లె వేయించలేదూ? పోలిక ఇక్కడితో ఆగదు. ద్రుతమంటే నకారం. ఐరిష్ ఉరూ కూడా పాతకాలంలో ముందు మాట చివర ఉన్న నకారం లాంటి అనునాసికం వల్ల వచ్చిందే. ఆ 'ఇ' ఒకప్పుడు 'ఇన్'. నకారం జారిపోయింది, దాని ముద్ర మాత్రం పక్క మాట మీద మిగిలింది. ఒకదానితో ఒకటి సంబంధమే లేని రెండు భాషలు నోటి సౌఖ్యం కోసం ఒకే పని చేశాయి.

షేవూ ఇంకోలా ఉంటుంది. అక్కడ అక్షరం మెత్తబడుతుంది. బాడ్ అంటే పడవ, నా పడవ అంటే "మొ వాడ్". దీనికి మన దగ్గర గసడదవాదేశం ఉంది. కూర, కాయ కలిసి కూరగాయ, తల్లి, తండ్రి కలిసి తల్లిదండ్రులు, ఊరు, పల్లె కలిసి ఊరువల్లె. ఊరువల్లెలో ప ఎలా వ అయిందో, వాడ్‌లో బ అలా వ అయింది. ఎప్పుడు మారాలి, ఎప్పుడు మారకూడదు అనే సూత్రాలు రెండు భాషల్లోనూ వేరు. అవి నేర్చుకోవలసిందే. కానీ పక్క మాటను బట్టి మాట మొదలు మారడం అనే పద్ధతి మీకు కొత్త కాదు. ఆ ధైర్యంతో మొదలుపెట్టండి. పట్టికలు బట్టీ పట్టవద్దు. నా ఇల్లు, నా పిల్లి, నా పడవ అని జంట మాటలుగా నోటికి ఎక్కించుకోండి. తల్లిదండ్రులు అనేటప్పుడు మీరెప్పుడైనా సంధి సూత్రం గుర్తు చేసుకున్నారా?

ఇంకో చిన్న విషయం, పాపకి బడిలో పనికొస్తుంది. పేరు పెట్టి పిలిచేటప్పుడు కూడా మొదటి అక్షరం మారుతుంది. మారె అనే అమ్మాయిని పిలిస్తే "అ వారె", షీలెను పిలిస్తే "అ హీలె". రాముడు పిలుపులో రామా అయినట్టు, పిల్లలు పిల్లలారా అయినట్టు అనుకోండి.

స్పెల్లింగ్ గురించి మీ భయం అర్థమైంది. అక్షరాలను ఇంగ్లీషులో చదువుతున్నంత కాలం అది తగ్గదు. పాప క్లాసులోని పిల్లల పేర్లతో మొదలుపెట్టండి. ఎన్, ఐ, ఏ, ఎమ్, హెచ్ అని రాసి నీవ్ అంటారు. షివాన్, సీర్షె, ఈఫ, కీవ, ఈ పేర్లు మీకు ఇప్పటికే చెవిన పడ్డవే. బడి గేటు దగ్గర వాళ్ల అమ్మలు పిలవడం వినే ఉంటారు. రాసిన పేరునూ విన్న పేరునూ పక్కపక్కన పెట్టుకుంటే, ఎమ్ పక్కన హెచ్ వస్తే వ, బీ పక్కన హెచ్ వస్తే కూడా వ, టీ పక్కన హెచ్ వస్తే హ, ఎఫ్ పక్కన హెచ్ వస్తే ఏ ధ్వనీ లేదు అని మీకే తెలిసిపోతుంది. ఆ హెచ్‌ని అక్షరంగా కాకుండా షేవూ జరిగిందని చెప్పే గుర్తుగా చూడండి. నిజానికి ఇంగ్లీషుతో పోలిస్తే ఐరిష్ స్పెల్లింగే సూత్రానికి ఎక్కువ కట్టుబడి ఉంటుంది. నియమాలు తెలిస్తే చూసిన మాటను దాదాపు సరిగ్గా చదవవచ్చు.

ఆ నియమాల్లో ముఖ్యమైనది ఒకటి చెప్పి వదిలేస్తాను. ఐరిష్ హల్లులు దాదాపు ప్రతిదానికీ రెండు రూపాలు, వెడల్పు, సన్నం. పక్కన ఇ, ఎ ఉంటే సన్నం. అ, ఒ, ఉ ఉంటే వెడల్పు. ప్రత్యయం చేర్చినప్పుడు రాతలో సన్నం పక్కన సన్నం, వెడల్పు పక్కన వెడల్పు రావాలి. పిల్లికి అంటాం, చెట్టుకు అంటాం. ముందున్న అచ్చును బట్టి కి, కు లను మనం ఆలోచించకుండానే మార్చుకుంటాం. అలాంటి సర్దుబాటే ఇది కూడా.

ధ్వనుల్లోనూ మీకు కొంత లాభం ఉంది. ఐరిష్ వెడల్పు త, ద మన త, ద లాగే నాలుక పళ్లకు తగిలితే వస్తాయి, ఇంగ్లీషు ట, డ లు కావు. ర కూడా మన ర యే. మన దగ్గర లేని రెండు ధ్వనులు గొంతులో నుంచి రాసుకుంటూ వస్తాయి. మీ వారిది హైదరాబాద్ అన్నారు కదా, ఉర్దూలో ఖబర్ అనేటప్పటి ఖ, గజల్ అనేటప్పటి గ ఆయన్ని పలికి చూపించమనండి. అవే ఆ రెండూ.

తెలుగు సాయపడని చోట్లు కూడా చెప్పాలి. మన క్రియ వాక్యం చివర ఉంటుంది, వాళ్లది మొదట్లో. "చూశాను నేను షాన్‌ని నిన్న" అన్నట్టు ఉంటుంది వాక్యం. అయినా ఇంట్లో ఉత్సాహంగా మాట్లాడేటప్పుడు "వచ్చేశాడు మా తమ్ముడు", "అయిపోయింది నా పని" అంటూనే ఉంటాం, కాబట్టి కొద్ది రోజుల్లో అలవాటవుతుంది. నామవాచకాలకు పుంలింగం, స్త్రీలింగం ఉన్నాయి, బల్లకూ కుర్చీకీ కూడా. దీనికి దగ్గరి దారి లేదు. మాటతో పాటు లింగాన్ని కూడా నేర్చుకుంటూ పోవడమే. పద్ధతి తప్పిన క్రియలు పదకొండే ఉన్నాయి. అవి రోజూ వాడేవి కాబట్టి వాటంతట అవే వస్తాయి.

ఇప్పుడు మీ తోటి ఉద్యోగులు అన్న మాట. దాన్ని కాస్త నెమ్మదిగా వినండి. 2022 జనాభా లెక్కల్లో ఐరిష్ వచ్చని చెప్పినవాళ్లు 18 లక్షల 70 వేల పైచిలుకు. వాళ్లలో సగానికి పైగా "అంత బాగా రాదు" అని కూడా చెప్పారు. బడి బయట రోజూ మాట్లాడేవాళ్లు సుమారు 72 వేలు. ఈ తేడా వెనక పెద్ద చరిత్ర ఉంది. 1831లో మొదలైన నేషనల్ స్కూళ్లలో చదువు ఇంగ్లీషులోనే సాగింది. కొన్నిచోట్ల పిల్లల మెడకు కర్ర కట్టి, ఐరిష్ మాట పలికినప్పుడల్లా దాని మీద గాటు పెట్టి, సాయంత్రానికి గాట్ల లెక్కన కొట్టేవారు. 1845 నుంచి వచ్చిన మహా క్షామంలో దాదాపు పది లక్షల మంది చనిపోయారు, మరో పది లక్షలకు పైగా దేశం విడిచి వెళ్లారు. ఎక్కువ దెబ్బ తిన్నది ఐరిష్ మాట్లాడే పడమటి పల్లెలే. ఆ తర్వాత తల్లిదండ్రులు తామే పిల్లలతో ఐరిష్ మాట్లాడటం మానుకున్నారు. వలస వెళ్లే బిడ్డకు ఇంగ్లీషు కావాలి మరి. స్వాతంత్ర్యం వచ్చాక బడుల్లో ఐరిష్‌ని తప్పనిసరి చేశారు గానీ, చాలాకాలం అది పరీక్ష కోసం చదివే సబ్జెక్టుగానే ఉండిపోయింది. ఇప్పుడు కొంత మారింది. బడి చదువు చివర రాసే లీవింగ్ సర్ట్ పరీక్షలో ఐరిష్‌కి 40 శాతం మార్కులు మాట్లాడటానికే.

కాబట్టి "మాకే రాదు, నీకెందుకు" అనేది మీ మీద విసురు కాదు. తమ సొంత భాష తమ నోట పలకడం లేదన్న నొప్పి అందులో ఉంటుంది. మన పిల్లలు తెలుగు చదవలేకపోతే మనకు ఉండే నొప్పి లాంటిదే. వాళ్లతో వాదించకండి. టీ తాగే వేళ "ఈ మాట ఎలా పలకాలి?" అని ఒక్క మాట అడగండి. రాదు రాదు అంటూనే చిన్నప్పటి పద్యమో ప్రార్థనో గుర్తుచేసుకుని చెప్పే మనుషులను నేను చాలామందిని చూశాను. మీరు అడగడం వల్ల వాళ్లకీ ఆ భాష మీద చనువు వస్తుంది.

నవ్వుతారేమోనన్న మీ భయానికి ఇదే జవాబు. ఇంట్లో కాకుండా బయట ఐరిష్ నేర్చుకున్న వాళ్లను ఈ దేశం చాలావరకు గౌరవంగానే చూసింది. 1893లో భాషా ఉద్యమ సంస్థ కోన్రా న గేల్గె స్థాపకుల్లో ఒకరైన డగ్లస్ హైడ్‌కే ఐరిష్ ఇంటి భాష కాదు. రాస్‌కామన్ పల్లెల్లో ఇరుగుపొరుగు దగ్గర నేర్చుకున్నాడు. 1938లో దేశానికి మొదటి అధ్యక్షుడయ్యాడు. మన కాలంలో మాస్కోలో ఐరిష్ నేర్చుకున్న విక్టర్ బైదా, తర్వాత కెర్రీ కౌంటీలో భాషా ప్రణాళిక అధికారిగా పనిచేశారు. మీరు "తా మే అగ్ ఫౌలమ్ గేల్గె", అంటే నేను ఐరిష్ నేర్చుకుంటున్నాను అని చెప్పి చూడండి. చాలాసార్లు ఎదుటివాళ్ల ముఖం వెలుగుతుంది. కొన్నిసార్లు వాళ్లు వెంటనే ఇంగ్లీషులోకి మారిపోతారు. ముఖ్యంగా గేల్తఖ్త్ అనే ఐరిష్ మాట్లాడే ప్రాంతాల్లో మీకు సాయం చేద్దామనే అలా చేస్తారు, నొచ్చుకోవద్దు. "గేల్గె, ల్యె దొ హిల్" అనండి, ఐరిష్‌లోనే, దయచేసి అని. చాలామంది తిరిగి వస్తారు.

యాస విషయం ఎక్కువ ఆలోచించకండి. ఉత్తరాన డోనెగాల్‌ది, పడమర గాల్వే, మేయోలది, దక్షిణాన కెర్రీ, కార్క్, వాటర్‌ఫర్డ్‌లది, మూడు పెద్ద యాసలు. ఎలా ఉన్నారని అడగడం కూడా మూడు చోట్ల మూడు రకాలు. మన కోస్తా, సీమ, తెలంగాణ వాళ్లు ఒకరికొకరు అర్థమైనట్టే వాళ్లూ అర్థమవుతారు. బడి పుస్తకాల్లో ప్రామాణిక రూపం ఉంటుంది. మీ క్లాసులో టీచరుది ఏ యాసైతే అదే మొదటి ఏడాది మీ యాస. మధ్యలో మార్చకండి, అంతే.

ఇక పని ఎలా సాగాలో చెబుతాను. యాప్ మానేయక్కర్లేదు, పదాల కోసం ఉంచండి. కానీ ఇంగ్లీషు వాక్యం కనిపించగానే ముందు దాన్ని తెలుగులో అనుకోండి, తర్వాత ఐరిష్ చెప్పండి, ఆ తర్వాతే తెర ముట్టుకోండి. పైకి చెప్పాలి, మనసులో కాదు. ఏ మాట ఉచ్చారణ అయినా అనుమానం వస్తే టాంగ్లన్ డాట్ ఐఈ (teanglann.ie) అనే నిఘంటువు సైటు తెరవండి. అందులో మూడు యాసల్లోనూ మనుషులు పలికిన రికార్డింగులు ఉన్నాయి. ఇంగ్లీషు నుంచి మాట వెతకాలంటే ఫోక్లోర్ డాట్ ఐఈ (focloir.ie). రెండూ ఉచితమే. వంట చేసేటప్పుడు రేడియో న గేల్తఖ్త పెట్టుకోండి. 1972 నుంచి నడుస్తున్న స్టేషన్ అది, రోజంతా ఐరిష్ మాటలే. మొదట ఒక్క ముక్కా అర్థం కాదు, ఫర్వాలేదు. మాటల లయ చెవికి ఎక్కడం కోసమే ఆ వినడం. పాపతో కలిసి టీజీ ఫోర్ అనే ఐరిష్ టీవీ ఛానల్ వాళ్ల పిల్లల కార్యక్రమాలు చూడండి. పెద్దల సీరియళ్లలో కింద ఇంగ్లీషు వస్తుంది, కళ్లు అక్కడికే పోతాయి. పిల్లల కార్యక్రమాల్లో బొమ్మే అర్థం చెబుతుంది.

వీటన్నిటికన్నా ముఖ్యం, మనుషులు. హార్కోర్ట్ స్ట్రీట్‌లో కోన్రా న గేల్గె కార్యాలయం ఉంది, పెద్దవాళ్లకు క్లాసులు నడుపుతారు. వారానికి ఒకసారి కూర్చుని మాట్లాడుకునే గుంపులను కిర్కల్ కోరా అంటారు. చాలా లైబ్రరీల్లోనూ జరుగుతాయి. మీ పేటలో ఎక్కడుందో లైబ్రరీలో అడగండి. కోటు మీద చిన్న ఉంగరం లాంటి పిన్ను పెట్టుకున్నవాళ్లు కనబడితే వాళ్లు ఐరిష్‌లో మాట్లాడటానికి సిద్ధమని గుర్తు. దాన్ని ఫాన్యె అంటారు. వెండిది కొద్దిగా వచ్చినవాళ్లది, బంగారు రంగుది బాగా వచ్చినవాళ్లది. మార్చి 1 నుంచి 17 వరకు ఐరిష్ వారోత్సవాలు. పేరుకు వారమే, రెండు వారాలు దాటి నడుస్తాయి. ఆ రోజుల్లో నోరు తెరవడానికి ఎవరూ సంకోచించరు. తర్వాత ఎప్పుడైనా వేసవిలో వారం సెలవు దొరికితే డోనెగాల్‌లోని గ్లెన్‌కోలమ్‌కిల్‌లో ఓజస్ గేల్ సంస్థ పెద్దవాళ్లకే పెట్టే కోర్సుకు వెళ్లండి. 1984 నుంచి నడుపుతున్నారు, కొత్తవాళ్లకు వేరే బృందం ఉంటుంది. పొద్దున పాఠం, సాయంత్రం పాటలూ నడకలూ. అక్కడ ఒక్క వారంలో మీ నోరు ఎంత విడివడుతుందో డబ్లిన్‌లో ఉండి ఊహించలేరు.

హోంవర్క్ దగ్గర టీచరు పాత్ర పాపకి ఇచ్చేయండి. ఆమె చదువుతుంది, మీరు తర్వాత అంటారు. అమ్మకు రానిది తనకు వచ్చని తెలిస్తే ఆ పిల్ల ఉత్సాహం వేరుగా ఉంటుంది. మీకు ఉచ్చారణ దొరుకుతుంది, ఆమెకు పాఠం రెండోసారి అవుతుంది. అర్థం మాత్రం తెలుగులో చెప్పుకోండి. "తా తార్త్ ఒరమ్" అని ఆమె చదివితే "నాకు దాహంగా ఉంది" అని మీరనండి. మధ్యలో ఇంగ్లీషు రానీయకండి. పాప తెలుగు పోతుందా అని మీరు అడిగిన ప్రశ్నకు జవాబు కూడా ఇక్కడే ఉంది. విదేశాల్లో మన పిల్లల తెలుగును పక్కకు తోసేది బడిలో, టీవీలో, స్నేహితుల్లో నిండిపోయిన ఇంగ్లీషు. రోజుకు కాసేపు చదివే ఐరిష్ కాదు. ఐరిష్ పాఠం తెలుగులో వివరించినప్పుడల్లా పాప తెలుగుకు పని దొరుకుతోంది. సంధి, విభక్తి అనే మాటలు ఆమె చెవిన పడేది కూడా అప్పుడే కావచ్చు.

మినహాయింపు మాట మర్చిపోండి. వేరే దేశంలో చదువుకుని, 12 ఏళ్లు నిండాక ఇక్కడి బడిలో చేరే పిల్లలకు ఆ వీలుంది. మీ పాప చదువు మొదలైందే ఇక్కడ, కాబట్టి ఆ లెక్కలోకి రాదు. వచ్చినా నేను వద్దనే చెప్పేదాన్ని. తోటి పిల్లలంతా కలిసి పాడే పాట దగ్గర, కలిసి నవ్వే మాట దగ్గర ఆమె ఒక్కతే పక్కన కూర్చోకూడదు.

వయసు సంగతి చివరికి మిగిల్చాను, ఎందుకంటే అది చిన్న విషయం. 37 ఏళ్లకు చిన్నపిల్లల ఉచ్చారణ రాకపోవచ్చు. దాని బదులు మీకు భాష ఎలా పనిచేస్తుందో పోల్చి చూసే బుద్ధి ఉంది, అది ఎనిమిదేళ్ల పిల్లకు ఉండదు. ఇప్పటికే రెండు భాషల్లో బతుకుతున్నారు, మూడోది దేని గుండా వెళ్లాలో ఇప్పుడు తెలిసింది.

పెద్దవాళ్ల క్లాసులు సాధారణంగా సెప్టెంబరులోనూ క్రిస్మస్ తర్వాత జనవరిలోనూ మొదలవుతాయి. ఏది ముందు వస్తే అందులో చేరండి. చేరేటప్పుడు స్థాయి అడుగుతారు. యాప్‌లో చాలా పదాలు వచ్చు కదా అని పై తరగతికి వెళ్లకండి, ఏ1 అనే మొదటి స్థాయే అడగండి. మొదటి స్థాయి క్లాసులో పుస్తకం కన్నా మాటే ఎక్కువ. పక్కవాళ్ల పేరు, ఊరు, ఆకలి, దాహం అడిగి చెప్పించే పనే సగం రోజులు ఉంటుంది. మీరు ఆగిపోయింది సరిగ్గా అక్కడే.